రూమ్ అడిగినప్పుడే బిల్లు సగం తేలిపోతుంది

నెల్లూరు పొగతోటలోనైనా, ఒంగోలులోనైనా ప్రైవేటు ఆస్పత్రిలో పేషెంటును చేర్చేటప్పుడు కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు వినపడతాయి. ఇన్సూరెన్స్ ఉందా? ఏ రూమ్ కావాలి? మొదటిదానికి సంచి అంతా వెతికి కార్డు తీసి చూపిస్తారు. రెండోదానికి పెద్దగా ఆలోచించరు. ‘ఏసీ సింగిల్ ఇవ్వండి, ఎటూ ఇన్సూరెన్స్ ఉందిగా’ అనేస్తారు. డిశ్చార్జ్ రోజున జేబులోంచి పోయే డబ్బులో పెద్ద భాగం ఆ ఒక్క మాటతో ఖాయమైపోతుంది. ఐదు రోజుల తర్వాత బిల్లు పట్టుకుని ఎంత వాదించినా, అప్పటికి వాదించడానికి మిగిలేది కొంచెమే.

చాలా పాలసీల్లో, ముఖ్యంగా పాతవాటిలోనూ తక్కువ ప్రీమియంవాటిలోనూ, రూమ్ అద్దెకు రోజుకు ఇంత అని హద్దు ఉంటుంది. సాధారణంగా అది బీమా మొత్తంలో ఒక శాతం. 3 లక్షల పాలసీ అయితే రోజుకు 3,000. ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీలో అయితే 2 శాతం, అదీ 5,000 దాటకుండా. హద్దు దాటిన రూమ్ తీసుకుంటే ఆ పై అద్దె మనం కట్టుకుంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు. దెబ్బ తినేది అక్కడే.

ఆస్పత్రుల్లో రూమ్ స్థాయిని బట్టి డాక్టర్ విజిట్, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ, నర్సింగ్ చార్జీ కూడా మారతాయి. జనరల్ వార్డులో ఉన్నవాళ్లకు ఒక రేటు, సింగిల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో రేటు. ఖరీదైన రూమ్ ఎంచుకున్నందువల్లే ఈ చార్జీలన్నీ పెరిగాయి కాబట్టి వాటినీ అదే దామాషాలో కోస్తామని బీమా కంపెనీ అంటుంది. పాలసీ కాగితంలో ఈ షరతు ముందే ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పాలసీ 3 లక్షలు, రూమ్ హద్దు 3,000, తీసుకున్న రూమ్ 5,000. అంటే అర్హత ఉన్నది ఐదింట మూడు వంతులకే, 60 శాతానికే. ఐదు రోజులుంటే రూమ్ అద్దె 25,000. సర్జన్, థియేటర్, నర్సింగ్ అన్నీ కలిపి లక్ష. మందులు 40,000. పరీక్షలు 15,000. మొత్తం 1,80,000. రూమ్ అద్దెలో కంపెనీ ఇచ్చేది 15,000. సర్జన్, థియేటర్ లక్షలో ఇచ్చేది 60,000. మందులు, పరీక్షలు పూర్తిగా ఇస్తుంది. వెరసి 1,30,000. మిగిలిన 50,000 మనం కట్టాలి. అద్దెలో తేడా ఐదు రోజులకు కలిపి 10,000 మాత్రమే. దాని వెనకాల ఇంకో 40,000 పోయింది.

ఈ లెక్కలో ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, ఐసీయూ చార్జీల మీద ఈ దామాషా కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. రూమ్‌ను బట్టి రేట్లు మార్చని ఆస్పత్రి అయితే డాక్టర్ చార్జీల మీద కూడా కోయకూడదు. చిన్న నర్సింగ్ హోముల్లో చాలాచోట్ల ఏ రూమ్‌లో ఉన్నా ఆపరేషన్ రేటు ఒకటే. అలాంటప్పుడు ఆ సంగతి ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకుని కంపెనీకి పంపితే కోసిన డబ్బు అడగొచ్చు. సెటిల్‌మెంట్ లెటర్ వచ్చాక చాలామంది చివరన ఉన్న మొత్తం చూసి, నిట్టూర్చి, మడిచి లోపల పెట్టేస్తారు. పై లెక్కలోనే మొత్తం బిల్లు మీద 60 శాతం ఇచ్చి సరిపెడితే వచ్చేది 1,08,000. అంటే న్యాయంగా రావాల్సినదాంట్లో 22,000 తక్కువ. ఆ 22,000 ఎక్కడ పోయిందో లెటర్‌లో ఏ వరుసకు ఎంత కోశారో చూస్తేనే తెలుస్తుంది.

అందుకని చేరేటప్పుడు అడగాల్సిన మాట ‘ఏసీ ఉందా’ కాదు, ‘మా పాలసీకి ఎంత రూమ్ వస్తుంది’ అని. ఆస్పత్రిలో బీమా వ్యవహారాలు చూసే టీపీఏ డెస్క్ వాళ్లకు ఇది ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లు రూమ్ అద్దె హద్దు లేని పాలసీ అడగడం మంచిది. ప్రీమియం కొంత పెరుగుతుంది. పెరిగినా సరే, వేరే ఏ అదనపు సదుపాయం కన్నా డబ్బు పెట్టదగింది ఇదే. ఉచిత హెల్త్ చెకప్‌లు, జిమ్ డిస్కౌంట్లు దీని ముందు ఎందుకూ కొరగావు.

బాబాయ్, షుగర్ సంగతి రాయొద్దులే

రూమ్ కన్నా ముందే బిల్లు తేలిపోయే చోటు ఇంకొకటుంది. పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారం. పల్లెల్లో, చిన్న పట్నాల్లో పాలసీ అమ్మేది ఎక్కువగా తెలిసినవాళ్లే. వరసకు అబ్బాయో, తమ్ముడో, పక్కింటి కుర్రాడో. ఫోన్‌లో వాళ్లే ఫారం నింపుతారు, ఓటీపీ మాత్రం మనల్ని అడుగుతారు. ‘షుగర్ ఉందని రాస్తే ప్రీమియం పెరుగుద్ది, టెస్టులు చేయిస్తారు, ఎందుకు బాబాయ్ టెన్షన్’ అని మంచికే అన్నట్టు అంటారు. ఆ కాలమ్‌లో ‘లేదు’ అని పడిపోతుంది. సంతకం మనది, మాట ఏజెంట్‌ది. క్లెయిమ్ వచ్చినప్పుడు ఏజెంట్ ఎక్కడా కనపడడు.

ముందు నుంచి ఉన్న జబ్బుకు బీమా వర్తించని వెయిటింగ్ పీరియడ్ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలు. అంతకుముందు 48 ఉండేది. అంటే షుగర్, బీపీ నిజాయితీగా రాసినా మూడేళ్లు ఓపిక పడితే ఆ జబ్బు తెచ్చే చిక్కులకు కూడా బీమా వర్తిస్తుంది. దాచిపెడితే మూడేళ్ల లెక్కే కాదు, పాలసీయే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి కట్టిన ప్రీమియం గాలికి పోతుంది.

ఇందులో వినియోగదారుడికి అండగా ఉన్న నిబంధన కూడా ఒకటుంది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత ‘ఫలానాది చెప్పలేదు’ అనే కారణంతో కంపెనీ క్లెయిమ్ కాదనడానికి లేదు. మోసం చేశారని రుజువు చేయగలిగితే తప్ప. ఇది కూడా 2024 ఏప్రిల్‌కు ముందు ఎనిమిదేళ్లుండేది, ఐదుకు తగ్గించారు. కంపెనీ మారినా, పోర్టింగ్ ద్వారా, అంటే పాత పాలసీనే కొత్త కంపెనీకి మార్చుకుంటే పాత సంవత్సరాలు లెక్కలోకి వస్తాయి. గడువు దాటి రెన్యువల్ చేయకుండా వదిలేసి, తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే మాత్రం మళ్లీ ఒకటో నెల నుంచి మొదలు. ప్రీమియం ఏడాదికోసారి కట్టేవాళ్లకు రెన్యువల్‌కు 30 రోజుల గ్రేస్ ఉంది. రొయ్యల పంట చేతికొచ్చేదాకా ఆగి కడదామనుకునేవాళ్లు ఈ 30 రోజులు దాటనీయకూడదు.

2021 డిసెంబరులో మన్మోహన్ నందా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇక్కడ పనికొస్తుంది. షుగర్ ఉందని ముందే రాసి ఇచ్చిన వ్యక్తికి పాలసీ ఇచ్చి, ఆయన అమెరికా వెళ్లినప్పుడు గుండెపోటు వస్తే క్లెయిమ్ కాదన్నారు. ఆరోగ్య పరిస్థితి అంతా చూసుకుని పాలసీ ఇచ్చిన తర్వాత, పాలసీదారు చెప్పిన జబ్బునే సాకుగా చూపించి డబ్బు ఎగ్గొట్టకూడదని కోర్టు తేల్చింది. రాసినవాడికే ఈ తీర్పు రక్షణ. దాచినవాడికి కాదు.

ఇంకో చిక్కు క్యాజువాలిటీలో పుడుతుంది. పేషెంటును హడావుడిగా తీసుకొచ్చినప్పుడు డ్యూటీ డాక్టర్ పక్కనున్నవాళ్లను అడుగుతాడు, షుగర్ ఎన్నాళ్ల నుంచి ఉందని. కంగారులో బావమరిది ‘ఓ పదేళ్లుంటాయి సార్’ అంటాడు. నిజానికి బయటపడి నాలుగేళ్లే అయ్యుంటుంది. కేస్ షీట్‌లో పదేళ్లని పడుతుంది. పాలసీ తీసుకుని నాలుగున్నరేళ్లే అయితే, తీసుకునేనాటికే జబ్బు ఉందని కంపెనీ ఆ ఒక్క వాక్యం చూపించి క్లెయిమ్ ఆపుతుంది. తెలియకపోతే ‘సరిగ్గా తెలియదు, అడిగి చెబుతాం’ అనడంలో తప్పేమీ లేదు. తప్పు పడిపోతే, మొదటిసారి షుగర్ బయటపడిన నాటి ల్యాబ్ రిపోర్టు చూపించి, చికిత్స చేస్తున్న డాక్టర్ దగ్గర సవరణ సర్టిఫికెట్ తీసుకోవాలి. డిశ్చార్జ్ కాకముందే ఈ పని అయిపోతే మంచిది. తర్వాత ఆ డాక్టర్ దొరకడు, దొరికినా గుర్తుండదు.

కొత్త పాలసీ అందిన తర్వాత 30 రోజులు ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. నచ్చకపోతే వాపసు చేయొచ్చు. పాలసీతోపాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే రెండు మూడు పేజీల కాగితం ఇవ్వడం తప్పనిసరి. అందులో రూమ్ హద్దు, కోపే (బిల్లులో మనం భరించాల్సిన శాతం), వెయిటింగ్ పీరియడ్లు సులభంగా రాసి ఉంటాయి. ప్రాంతీయ భాషలో కావాలంటే అడగొచ్చు. ఆ 30 రోజుల్లో చూడాల్సినవి రెండే. ఆ షీటు, పాలసీతోపాటు వచ్చిన మన ప్రపోజల్ ఫారం నకలు. నకలులో షుగర్ దగ్గర ‘లేదు’ అని ఉంటే అప్పుడే ఈమెయిల్ పెట్టి సరిచేయించుకోవాలి.

కార్డు ఎవరికి, పాలసీ ఎవరికి

బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కట్ అవుతున్నాయి కదా, అది ఆరోగ్య బీమాయే అనుకునేవాళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ చాలామంది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో చనిపోతేనో అవయవం పోతేనో 2 లక్షల దాకా వచ్చే బీమా. 436 రూపాయలు కట్ అయ్యేది జీవన్ జ్యోతి, ప్రాణం పోతే వచ్చేది. డెంగీతో ఆస్పత్రిలో చేరితే ఈ రెండూ ఒక్క రూపాయి ఇవ్వవు.

ఆరోగ్యశ్రీ అని అందరూ ఇప్పటికీ పిలిచే పథకం 2007లో మొదలైంది, ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. 3,257 చికిత్సలు జాబితాలో ఉన్నాయి. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితి 25 లక్షలకు పెరిగింది. ఇది ప్యాకేజీ పద్ధతి. జాబితాలో ఉన్న చికిత్సకు అనుమతి వచ్చాక పరీక్షలు, మందులు, ఆపరేషన్, భోజనం అన్నీ ఆ ప్యాకేజీలోవే. పేషెంటు దగ్గర డబ్బు అడగకూడదు. ‘కార్డు మీద చేస్తాం గానీ, మంచి స్టెంట్ వేయాలంటే పైన కొంత కట్టాలి’ అనే మాట వినపడితే అది పథకం నిబంధనలకు విరుద్ధం. రసీదు లేకుండా అడిగారంటే మరీను. పథకంతో ఒప్పందం ఉన్న ప్రతి నెట్‌వర్క్ ఆస్పత్రిలో పేషెంట్లకు సాయపడే ఆరోగ్యమిత్ర ఉంటారు, మొదట వాళ్లకు చెప్పాలి. వాళ్లు తేల్చకపోతే 104కు ఫోన్ చేయాలి. కట్టేసినవాళ్లు రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ లాంటిది ఏదో ఒకటి దాచుకోవాలి.

ఈ పథకానికి ఒక బలహీనత ఉంది. బకాయిలు రాలేదంటూ నెట్‌వర్క్ ఆస్పత్రులు అప్పుడప్పుడూ సేవలు ఆపేస్తుంటాయి. 2025 అక్టోబరులో అలాగే జరిగింది. ఆ ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ ద్వారా, ఆపైన ప్రభుత్వ ట్రస్టు ద్వారా నడిపే పద్ధతికి ఆమోదం తెలిపింది. ఏ పద్ధతి వచ్చినా, కూలి పనులకు పోయే కుటుంబం దగ్గర డబ్బు ఉన్నదే కొంచెం అయితే ముందు కార్డు సరిగ్గా ఉందా, అందరి పేర్లూ అందులో ఉన్నాయా చూసుకోవడమే మొదటి పని. కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం, కొత్తగా పుట్టిన బిడ్డ పేరు ఎక్కకపోవడం ఎక్కువగా జరుగుతుంటాయి. జబ్బు చేసిన రోజున సచివాలయం చుట్టూ తిరగడం కన్నా ముందే చేయించుకుంటే మేలు.

70 ఏళ్లు దాటిన పెద్దలకు 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షలు. రిటైరైన మాస్టారికీ, పదెకరాల మాగాణి ఉన్న రైతుకూ ఒకటే. ప్రైవేటు పాలసీ ఉన్నా దీన్ని తీసుకోవచ్చు. కృష్ణపట్నం చుట్టుపక్కల కంపెనీల్లో, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో 21,000 లోపు జీతానికి పనిచేసేవాళ్లకు కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐ వర్తించాలి. జీతంలో 0.75 శాతం కట్ అవుతుంటే కార్డు నంబరు అడిగి తీసుకోవాలి. కట్ చేస్తున్నారని తెలియక, సొంత డబ్బుతో ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు ఉన్నారు.

ఎటూ కాకుండా పోయేది మధ్యలోవాళ్లు. చిన్న దుకాణదారులు, చెరువులు లీజుకు తీసుకున్న ఆక్వా రైతులు, లారీ ఓనర్లు. రేషన్ కార్డు లేదు, ఉద్యోగం లేదు. వీళ్లకు ప్రైవేటు పాలసీ తప్పనిసరి అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే) ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్‌టీ తీసేశారు. గ్రూపు పాలసీల మీద మాత్రం అలాగే ఉంది. అమ్మానాన్నలను మన ఫ్లోటర్‌లో కలిపేస్తే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల వయసును బట్టి మొత్తం ప్రీమియం లెక్క కడతారు. వాళ్లకు విడిగా తీసుకోవడమే నయం. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. తక్కువలో పెద్ద రక్షణ కావాలంటే 3 లక్షల మామూలు పాలసీ ఒకటి, దానిపైన సూపర్ టాపప్ ఒకటి తీసుకోవచ్చు. మొదటి 3 లక్షలు దాటాకే సూపర్ టాపప్ పనిచేస్తుంది కాబట్టి దాని ప్రీమియం తక్కువ.

మద్రాసు వెళ్తే

నెల్లూరువాళ్లకు పెద్ద జబ్బు అంటే మద్రాసే. చెన్నై అని పేరు మారి దాదాపు ముప్పై ఏళ్లు కావస్తున్నా, ఆస్పత్రి మాట వచ్చేసరికి పెద్దవాళ్ల నోట మద్రాసే. ఒంగోలువాళ్లు గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ వైపు చూస్తారు. ఈ అలవాటుకూ పాలసీకీ ఒక లింకు ఉంది, ఏజెంట్లు దాన్ని సాధారణంగా చెప్పరు.

కొన్ని కంపెనీలు దేశాన్ని జోన్లుగా విడగొట్టి ప్రీమియం లెక్క కడతాయి. పెద్ద నగరాలు ఒక జోన్, చిన్న పట్నాలు ఇంకో జోన్. నెల్లూరు చిరునామా మీద తీసుకుంటే ప్రీమియం తక్కువ పడుతుంది, సంతోషమే. కానీ అలాంటి కొన్ని పాలసీల్లో, పై జోన్‌లోని నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో ఇంత శాతం పాలసీదారే భరించాలనే షరతు ఉంటుంది. 4 లక్షల బిల్లుకు 20 శాతం కోపే అంటే 80,000. మద్రాసు వెళ్లే అవకాశం ఉన్న కుటుంబం జోన్ కోపే లేని పాలసీ తీసుకోవాలి, లేదా అదనంగా కట్టి పై జోన్‌కు మార్చుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద కూడా చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో కొన్ని ఆస్పత్రులున్నాయి. అయితే 2019 నవంబరులో ఈ మూడు నగరాలకు పథకం విస్తరించినప్పుడు 716 చికిత్సలకే అనుమతించారు. అన్నీ అక్కడ దొరుకుతాయనుకుని బయలుదేరకూడదు.

ఇటువైపు ఇంకో కోణం. కావలిలోనో, కందుకూరులోనో చిన్న నర్సింగ్ హోములో చేరితే అది పాలసీ దృష్టిలో ఆస్పత్రేనా? చట్టప్రకారం రిజిస్టర్ అయి ఉంటే ఆస్పత్రే. రిజిస్టర్ కాకపోతే, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో కనీసం 10 పడకలు, రాత్రీపగలూ నర్సులు, డాక్టర్, సొంత ఆపరేషన్ థియేటర్ ఉండాలని పాలసీ నిర్వచనం. ఆర్‌ఎంపీ చెప్పిన చోటికి వెళ్లేముందు ఈ సంగతి కనుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంటికి దగ్గరలోని రెండు మూడు నెట్‌వర్క్ ఆస్పత్రుల పేర్లు రాసి పెట్టుకోవాలి. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలో కూడా క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి బిల్లు కట్టే పద్ధతి, అడిగే వీలు 2024 జనవరి నుంచి ఉంది. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలపాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కంపెనీ షరతుల మీద ఆధారపడి ఉంటుంది.

బిల్లు చదవడం

ఫైనల్ బిల్లు అడిగితే కొన్నిచోట్ల ‘మందులు ఇంత, ఇతరములు ఇంత’ అని నాలుగు వరుసల కాగితం ఇస్తారు. వివరంగా, వస్తువు వస్తువుకూ ధర రాసిన బిల్లు అడిగే హక్కు పేషెంటుకు ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది, కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో దాన్ని రాష్ట్రాలకు పంపింది. బిల్లు గొడవ తేలలేదని పేషెంటును గానీ, చనిపోతే మృతదేహాన్ని గానీ ఆపకూడదని కూడా అందులోనే ఉంది. మందులు ఆస్పత్రి షాపులోనే కొనాలన్న నిర్బంధం ఉండకూడదనీ ఉంది. ఈ పత్రం చట్టం కాదు, అందుకే ఆస్పత్రి గోడ మీద కన్నా ఫిర్యాదు కాగితంలో దీనికి బలం ఎక్కువ.

వివరమైన బిల్లు చేతికొస్తే గ్లవ్స్, క్రేప్ బ్యాండేజీ, డైపర్లు, నెబ్యులైజర్ కిట్ లాంటివి కనపడతాయి. ఇలాంటి 68 వస్తువుల జాబితా ఒకటుంది, ప్రత్యేకంగా కవర్ తీసుకుంటే తప్ప బీమా కంపెనీ ఇవ్వదు. ఇవి మనం కట్టుకోవాల్సినవే. కానీ ఇంకో జాబితా ఉంది, దాని సంగతి ఎవరూ చెప్పరు. ఫైల్ ఓపెనింగ్ చార్జీలు, అడ్మిషన్ కిట్, డాక్యుమెంటేషన్ చార్జీలు, హౌస్ కీపింగ్, డిశ్చార్జ్ ప్రొసీజర్ చార్జీ, పల్స్ ఆక్సీమీటర్ చార్జీ. ఇవన్నీ రూమ్ అద్దెలో కలిసిపోవాల్సినవి. క్యాష్‌లెస్ బిల్లులో వీటిని విడిగా చూపించి, ‘ఇన్సూరెన్స్ ఇవ్వలేదు, మీరు కట్టండి’ అంటే అడ్డం తిరగొచ్చు. గట్టిగా అడిగినప్పుడు బిల్లింగ్ సెక్షన్‌లో తీసేయడం కొత్తేమీ కాదు.

స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరి నుంచి, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టు నుంచి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. స్టెంట్ కంపెనీ పేరు, ధర బిల్లులో విడిగా చూపించాలి. ప్యాకెట్ మీద స్టిక్కర్ కూడా అడిగి తీసుకోవాలి, రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్‌కు అది కావాలి. కేస్ షీట్ సహా మెడికల్ రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్యుల నియమావళి. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రంలో 2002లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆస్పత్రి మీద ఫిర్యాదులు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయంలో ఇవ్వొచ్చు.

డిశ్చార్జ్ అన్నాక సాయంత్రం దాకా పడిగాపులు పడటం అందరికీ అనుభవమే. 2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్‌కు మొదటి అనుమతి గంటలోపు, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి ఇంకో రోజు అద్దె వేస్తే అది కంపెనీయే భరించాలి. ఈ గడియారం ఆస్పత్రి ఫైనల్ బిల్లు కంపెనీకి పంపిన క్షణం నుంచి తిరుగుతుంది. డాక్టర్ ఇంటికి వెళ్లొచ్చని చెప్పిన క్షణం నుంచి కాదు. పొద్దున పదింటికి డాక్టర్ చెప్పి, ఆస్పత్రి మధ్యాహ్నం రెండింటికి ఫైల్ పంపితే ఆ నాలుగు గంటల బాధ్యత ఆస్పత్రిదే. ఎన్నింటికి పంపారో టీపీఏ డెస్క్‌ను అడిగి ఫోన్‌లో నోట్ చేసుకుంటే తర్వాత ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

కాదన్నప్పుడు

క్లెయిమ్ కాదన్నారంటే కంపెనీలో క్లెయిమ్స్ రివ్యూ కమిటీ చూసే ఉండాలి, ఏ షరతు కింద కాదన్నారో లేఖలో రాయాలి. మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా బీమా వివాదాలు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, వీడియోలో విచారణకు కూడా వీలుంది కాబట్టి ఉదయగిరి నుంచి హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని లేదు. అంబుడ్స్‌మన్ ఇచ్చిన అవార్డుకు కంపెనీ కట్టుబడాలి, మనం కట్టుబడక్కర్లేదు.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులో, ఒంగోలులో ఉన్నాయి. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, చికిత్స చెన్నైలో జరిగినా, ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. బీమా కేసుల్లో కట్టిన డబ్బు అంటే ప్రీమియం కాబట్టి దాదాపు అన్నీ ఈ హద్దు లోపలే. ఆస్పత్రి సేవల్లో లోపం మీద కూడా ఇక్కడికే వెళ్లొచ్చు, 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. సలహా కావాలంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది. రెండు దారుల్లో ఒకేసారి నడవకూడదు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. మొత్తం చిన్నదై, కాగితాలు సరిగ్గా ఉంటే అంబుడ్స్‌మన్ వైపు వెళ్లడమే మేలు. మానసిక వేదనకు పరిహారం కూడా కావాలనుకుంటే కమిషన్.

అంబుడ్స్‌మన్ దగ్గరికి, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. కమిషన్‌కు రెండేళ్లు. చాలా సందర్భాల్లో తిరస్కరణ సంగతి ఫోన్‌లోనే చెబుతారు, లేదంటే ఏజెంట్ చేత చెప్పిస్తారు. ఆ మాట విని ఊరుకుంటే గడువు ఏ రోజు మొదలైందో కూడా తేలదు. ఫోన్ వచ్చిన రోజే ‘కారణం రాతపూర్వకంగా పంపండి’ అని ఒక ఈమెయిల్ పెట్టాలి. దాని మీద తేదీ పడుతుంది.